అయిదక్షరాల వాన

మా అమ్మ సిద్దమ్మ నా భార్య తలను తీసుకుపోయి సజ్జ చేలో కట్టెకు వేలాడదీసింది.

అత్తాకోడళ్ళ తగాదా అనుకునేరు. తల అంటే తల స్కానింగు. పదిహేడేళ్ళ కిందట మహేశ్వరికి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు బెంగళూరులో తీయించిన స్కానింగు సీడీ. పిట్టలు కంకుల మీద వాలకుండా ఉండాలంటే చేలో తళతళలాడేది ఏదో ఒకటి గాలికి ఊగుతూ ఉండాలి. కంబదూరు రోడ్డు పొడుగునా పాత సీడీలన్నీ ఇప్పుడు ఆ ఉద్యోగమే చేస్తున్నాయి. మా చేలో మూడు భక్తి పాటలు, ఒక పెళ్ళి వీడియో, ఒక మెదడు.

"నాకేం తెలుసురా? దాని మీద బొమ్మ లేదు, ఏం లేదు. అద్దం మాదిరి మెరిసింది. కట్టినా," అంది అమ్మ.

తెంపుకొచ్చి చూశాను. రెండేళ్ళ ఎండకు వెండిపూత రాలిపోయింది. సీడీలోంచి చూస్తే అవతల నిలబడ్డ అమ్మ కనిపిస్తోంది. అది సీడీ కాదు, ఛీ డీ.

అప్పుడు టైము పదకొండు. మూడు గంటలకు బెంగళూరు ఆసుపత్రిలో మహేశ్వరి తల తెరుస్తారు.

మూడు రోజుల కిందట వంటింట్లో నిలువునా పడిపోయింది. కొత్త స్కానింగులో శెనక్కాయ గింజంత మచ్చ, దాని చుట్టూ వాపు కనిపించాయి. "ఇది పాత మచ్చే అయితే మాత్రలు చాలు. కొత్తగా పెరిగిన గడ్డ అయితే ఆగేది లేదు, తీసేయాల్సిందే. పాత స్కానింగు పక్కన పెట్టి చూడకుండా నేను చెప్పలేను. మూడింటి వరకు చూస్తా," అన్నాడు డాక్టరు. కాగితం మీది రిపోర్టు చాలదట, బొమ్మలే కావాలట. అప్పుడు తీసిన స్కానింగు సెంటరు మూతపడి పదేళ్ళయింది. మహేశ్వరి దగ్గర ఆమె చెల్లెలు గంగాదేవిని ఉంచి, తెల్లవారి మొదటి బస్సెక్కి కళ్యాణదుర్గం వచ్చాను. బీరువాలో కవరు భద్రంగా ఉంది. కవరులో సీడీ లేదు.

చేని గట్టు మీద కూలబడ్డాను. నా పేరు కేశవ. ఊళ్ళో ఫ్లెక్సీలు, బోర్డులు వేసే షాపు నాది. మాటకు మాట అతికించి అమ్ముకునేవాణ్ణి. ఆ గట్టు మీద నా దగ్గర ఒక్క మాట లేదు. అరచేతిలో ఆ చిల్లుల సీడీ, కళ్ళ ముందు మహేశ్వరి నెత్తి. నిన్న సాయంత్రం మంచం మీద కూర్చుని జడ వేసుకుంటూ, "సీడీ బీరువాలోనే ఉండాది, నేనే పెట్టినా," అని ధైర్యంగా చెప్పింది పాపం.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సీడీని నేను ఒకప్పుడు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. పనిబడి కాదు. షాపు పెట్టిన కొత్తల్లో సెకండ్ హ్యాండులో కొన్న ల్యాప్‌టాప్ అది. మోజు మీద ఏ సీడీ చేతికి దొరికినా దానికి తినిపించేవాణ్ణి.

ఇంటికి పరిగెత్తాను. సజ్జలో పోయింది సజ్జ మీద దొరికింది. వంటింటి సజ్జ మీద, ఇత్తడి బిందెల వెనక. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చార్జరు తగిలించి నొక్కితే రైసు మిల్లు లాగా రొద చేసింది. పదకొండు నిమిషాలకు తెర వెలిగింది. లోపల 'మహి తల' అని ఫోల్డరు ఉంది. రెండు వందల పన్నెండు ఫైళ్ళు. ముట్టుకుంటే ఒక్కటీ తెరుచుకోలేదు. తెరిచే సాఫ్ట్‌వేరు సీడీతోనే పోయిందట. మహేశ్వరి తలరాత నా ఎదురుగానే ఉంది, చదివే విద్యే లేదు.

తెరుచుకుంటే ఫోనుతో ఫోటోలు తీసి పంపేవాణ్ణి. తెరుచుకోదు కాబట్టి ఫైళ్ళనే బయటికి లాగాలి. పెన్‌డ్రైవు పెట్టే పోర్టులు రెండు. ఒకదాంట్లో ఎప్పుడో విరిగిన పెన్‌డ్రైవు ముక్క ఇరుక్కుని ఉంది. రెండోది పలకదు. మా జిల్లాకు సముద్రమే లేదు, పోర్టులు ఏం పనిచేస్తాయి? సీడీ ట్రే బయటికి రాదు. నెట్ వైరు పెట్టే కన్నం, ఒక ఏడు పిడుగు ఫోను తీగ వెంట ఇంట్లోకి వచ్చినప్పుడు మాడిపోయింది. దీన్ని ఎత్తుకుని బెంగళూరు పోదామంటే అయిదు గంటల దారి. ఉన్నది మూడుంపావు గంటలు.

జోయల్‌కు ఫోను చేశాను. ఊళ్ళో ఇంటింటికీ ఇంటర్నెట్టు తగిలించేది అతనే. నిరుడు మా ఇంటికీ తగిలించాడు. పది నిమిషాల్లో బండి మీద వచ్చి, ల్యాప్‌టాప్ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, ఇది యాడ దొరికింది? ఏమన్నా తవ్వినారా?"

"రే, ఎగతాళి నా డిపార్టుమెంటు. నువ్వు పని చూడు. డిస్కు ఊడబీకి వేరేదానికి పెడదామా?"

"దీన్ని ఇప్పటి కంప్యూటరుకు తగిలించే వైరు కళ్యాణదుర్గంలో ల్యాదు. అనంతపురంలోనూ డౌటే. మళ్ళ ఆ శబ్దం వింటాండావా? కర్ కర్ అని. ఆపితే తిరిగి లేస్తుందని నేను మాటియ్యలేను అన్నా. ఆపొద్దు, కదిలించొద్దు."

విషయమంతా చెప్పాను. జోయల్ ముఖంలో నవ్వు పోయింది. వంగి, ల్యాప్‌టాప్ పక్క అంచున వేలితో తడిమాడు. అక్కడ ఒక రేకు కార్డు దూర్చి ఉంది.

"అన్నా, వైఫై కార్డు! శానా పాతది. కానీ లైటు వెలుగుతాండాది."

"వైఫ్ కోసం వైఫై," అన్నాను.

జోయల్ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నోటికి పట్టిన అలవాటు, ఆపితే ఆగదు.

తెర మీద చుట్టుపక్కల వైఫైల జాబితా వచ్చింది. ఖాళీ. గదిలో పక్కనే గోడకు మా రౌటరు పచ్చలైటు వేసుకుని వెలుగుతోంది. రెండడుగుల దూరంలో ఉన్న దాన్ని ఈ ముసలిది గుర్తు పట్టడం లేదు.

"మీ రౌటరు కొత్తది అన్నా. అది గట్టి తాళం వేసుకొని మాట్లాడతాది. దీనికి ఆ తాళం పేరు కూడా తెల్దు. ఇది వెప్పు కాలంది."

"వేపా?" అంది అమ్మ, గుమ్మంలోంచి.

"వేప కాదు పెద్దమ్మా, వెప్పు. పాతకాలం తాళం."

"వేప మంచిదే నాయనా. తలకు సల్లన."

జోయల్ కొత్త రౌటరు సెట్టింగులన్నీ తిరగేశాడు. పేరు మార్చాడు, వేగం తగ్గించాడు. జాబితాలో మా ఇంటి పేరు కనిపించింది. నొక్కితే పోయింది. మళ్ళీ కనిపించింది. మళ్ళీ పోయింది. ఆ కొత్తదానికి పాత తాళం వేసే వీలే లేదట. నా ఫోను హాట్‌స్పాట్ పెట్టి చూశాం. అదీ అంతే. పన్నెండున్నర అయింది.

"అన్నా, షాపులో ఒక పాత రౌటరు పడి ఉండాది. జనం మార్చుకున్నప్పుడు మూలకేసింది. దానికైతే ఆ తాళం ఉంటాది. కొత్తదాని వెనక వైరుతో తగిలిస్తే, ముసలిది ముసలిదానితో మాట్లాడతాది, అది కొత్తదానికి చెప్తాది."

"దుబాసీని తెస్తానంటావు. పో, ఎగిరి పో!"

పోయాడు. వచ్చేసరికి ఒంటిగంట. రౌటరు మీద దుమ్ము చొక్కాతో తుడిచి, వైరు తగిలించి, కింద కూర్చుని ఫోనులో దాని సెట్టింగులు తెరిచాడు. అమ్మ వచ్చి అతని పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. సీడీ సంగతి తెలిసినప్పటి నుంచి ఆమె నా వైపు చూడటం లేదు.

"అన్నా, ఈ తాళానికి పాస్‌వర్డు సరిగ్గా అయిదు అక్షరాలు ఉండల్ల. ఇంగ్లీషులో. నాలుగుంటే ఒప్పుకోదు, ఆరుంటే ఒప్పుకోదు. ఏం పెట్టేది?"

ఊరి గోడలన్నీ మాటలతో నింపిన మనిషికి అయిదక్షరాలు దొరకలేదు.

"వాన అని పెట్టు నాయనా," అంది అమ్మ. "ఆ పెట్టెలోకన్నా వస్తాదేమో."

జోయల్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఫోనులో కొట్టాడు. "పెట్టినా. అన్నా, నువ్వు ఆడ కొట్టు, వాన."

ల్యాప్‌టాప్ కీల మీద అక్షరాలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. నల్లటి గచ్చకాయల వరసల్లా ఉంటాయి. నా వేళ్ళకు తప్ప ఇంకెవరికీ దారి తెలియదు. కొట్టాను. వద్దు పొమ్మంది. అక్షరాలు తక్కువట.

"దీర్ఘం మరిచినావన్నా. ఏ అక్షరం రెండుసార్లు."

నిజమే. దీర్ఘం లేకపోతే వన. మా నేల మీద వనమూ లేదు, వానా లేదు. దీర్ఘం పెట్టి మళ్ళీ కొట్టాను. తెర మీద అక్షరాలు కనిపించవు, అక్షరానికో చుక్క పడుతుంది. అయిదు చుక్కలు పడ్డాయి. కలిసింది అని వచ్చింది!

"కలిసిందిరా జోయలూ!" అని నేను అరిచిన అరుపుకు గోడ అవతల చెన్నప్ప కోళ్ళు చెదిరిపోయాయి.

"ఇంగ ఏం భయం ల్యాదు. నా ఫోనులో ఒక యాప్ పెట్టినా. ఫోను సంచి మాదిరి నోరు తెరుచుకొని ఉంటాది, ఫైళ్ళు దాంట్లోకి తోసెయ్యడమే. దానికి అడ్రసు రానీ."

అడ్రసు రాలేదు. ల్యాప్‌టాప్ మూలలో చిన్న బంతి ఒకటి అటూ ఇటూ దొర్లుతోంది, అడ్రసు వెతుకుతున్నానంటూ. అయిదు నిమిషాలు దొర్లింది. పది నిమిషాలు. జోయల్ రౌటరు ఆపి మళ్ళీ వేశాడు, చోటు మార్చాడు, స్టూలెక్కి చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. బంతి దొర్లుతూనే ఉంది.

"వాన సరిగ్గా కొట్టినావా అన్నా?"

"వాన కొట్టేది కూడా నాకు నేర్పిస్తావా? అయిదు చుక్కలు పడినాయి, చూడు."

"పడినాయి. మళ్ళ ఎందుకు వస్తల్యాదు?"

గోడ మీంచి చెన్నప్ప తల పైకి లేచింది. "ఏమప్పా, వాన వస్తాదని చెప్పినారా ఫోన్లో?"

"అయిదు చుక్కలు పడి నిలిచిపోయింది చెన్నప్పన్నా. నువ్వు పో!"

చెన్నప్ప ఆకాశం వైపు అనుమానంగా చూసి కిందికి దిగాడు.

ఒకటిన్నరకు గంగాదేవి ఫోను. "బావా, సంతకం పెట్టమంటాండారు. అక్క పెడతానంటాది. ఏం చెయ్యల్ల?"

"పది నిమిషాలు ఆగమని చెప్పు."

"అరగంట నుంచి అదే చెప్తాండా బావా."

జోయల్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇద్దరం చెమటలు కారుస్తూ, ఫ్యాను వేస్తే కరెంటు మీద భారం పడుతుందేమోనని ఫ్యాను కూడా ఆపేసి కూర్చున్నాం. నేను కొట్టాను. చుక్కలు. కలిసింది. బంతి. మళ్ళీ కొట్టాను. చుక్కలు. కలిసింది. బంతి. కలిసిందంటుంది గానీ ఒక్క మాట మాట్లాడదు. పక్కనే కూర్చుని ముఖం తిప్పుకున్న మనిషిలా. బతిమాలాను. తిట్టాను. నోట్లో దేవుళ్ళందరూ వరసగా తిరుగుతున్నారు. జోయల్ పెదాలు కూడా కదులుతున్నాయి. అతని దేవుడు వేరైనా ప్రార్థన ఒకటే అయి ఉంటుంది.

ఒంటిగంటా యాభైకి మళ్ళీ గంగాదేవి. ఈసారి ఏడుస్తోంది. "తల గీకేటోడు వచ్చినాడు బావా. కత్తి పట్టుకొని నిలబడుకొన్నాడు."

ఫోను పెట్టేశాను. నా నోరు నా చేతిలో లేదు. తిరిగి అమ్మ మీద పడ్డాను. "నీ సజ్జలు తగలబడ! నాలుగు కంకుల కోసం దాని తల తీసి పిట్టలకు వేసినావు కదమ్మా! బీరువాలో ఉన్నదాన్ని ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

అమ్మ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. బయటికి పోతుందనుకున్నాను. పోలేదు. వచ్చి ల్యాప్‌టాప్ పక్కన, నా మోచేతిని ఆనుకుని కూర్చుంది. డెబ్బయి దాటిన మనిషి.

"ఇంగొక్కసారి అన్నా," అన్నాడు జోయల్. "నిదానంగా."

నిదానంగానే కొట్టాను.

"రే కేశవా," అంది అమ్మ. "ఈ పిల్లోడు మొదటిది కింద వరసలో నొక్కినాడు గదరా. నువ్వేంది, పై వరసలో నొక్కుతాండావు?"

"నీకేం తెలుసమ్మా ఇవన్నీ?"

"నాకు అక్షరాలు రావులే. కిందా పైనా కూడా తెల్దా?"

జోయల్ స్టూలు మీంచి దూకాడు. "అన్నా, వాన అంటే నువ్వు ఏం కొట్టినావు మొదట?"

"డబుల్యూ."

"వీ అన్నా! వీ! నేను వీ పెట్టినా!"

మన అక్షరమాలలో ఉండేది ఒకటే 'వ'. ఇంగ్లీషువాళ్ళకు రెండు. అందులో నా చేతికి అలవాటయిన 'వా' ఒక్కటే. ఈ కరువు నేల మీద నేను బతికింది వాటర్ ప్లాంటు బోర్డులతో. ఇన్నేళ్ళలో ఎన్ని వందల బోర్డుల మీద ఇంగ్లీషులో వాటర్ అని రాశానో. నా వేలికి 'వా' అంటే నీళ్ళు, నీళ్ళంటే డబుల్యూ. తాళం తప్పయినా ఈ పాత కార్డు కలిసింది అనే చెబుతుందట, అడ్రసు దగ్గర తెలుస్తుందట. చుక్కల కింద ఏ అక్షరం ఉందో ఎవరికి కనిపిస్తుంది? గంట సేపు నీళ్ళ కోసం రాసే రాతతో వానను పిలిచాను.

వీ. ఏ. ఏ. ఎన్. ఏ.

బంతి రెండు దొర్లులు దొర్లి ఆగింది. అడ్రసు వచ్చింది.

టైము రెండూ అయిదు. జోయల్ చెప్పిన అంకెలు కొడితే అతని ఫోను ల్యాప్‌టాప్ తెర మీద ఖాళీ సంచిలా తెరుచుకుంది. 'మహి తల' మొత్తం పట్టి దాంట్లోకి లాగాను. ఒకటి పోయింది. రెండు. మూడు. వీధి కొళాయి కింద బిందె పెట్టినట్టు సన్నటి ధార. నలభై దగ్గర కార్డు కాలిపోతున్నంత వేడెక్కింది. జోయల్ అట్టముక్కతో విసిరాడు. అమ్మ కొంగుతో విసిరింది. నూట ముప్ఫై దగ్గర నిలబడిపోయింది. ముగ్గురం చూస్తూ ఉన్నాం. నూట ముప్ఫై ఒకటి. రెండు వందల పన్నెండోది దాటేసరికి రెండూ ముప్ఫై నాలుగు. ఫోను నుంచి డాక్టరుకు పంపేసరికి రెండూ నలభై రెండు.

"వచ్చినాయి బావా," అంది గంగాదేవి. "డాక్టరు బొమ్మలు చూసేదానికి లోపలికి పోయినాడు." మాట తెగిపోయింది.

ఆ తర్వాత ఫోను మోగలేదు.

మూడయింది. మోగలేదు. మూడూ అయిదు. నేను చేస్తే గంగాదేవి ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మహేశ్వరిని లోపలికి తీసుకుపోయారా? బొమ్మల్లో ఆ మచ్చ లేదా? ఉన్నా చూడక ముందే కోశారా? జోయల్ వైర్లు చుడుతున్నట్టు నటిస్తూ చుట్టిన వైరునే మళ్ళీ విప్పి చుడుతున్నాడు. నేను వాకిట్లోకి పోయి, లోపలికి వచ్చి, ఎందుకు వచ్చానో తెలియక మళ్ళీ వాకిట్లోకి పోయాను. అమ్మను అన్న మాటలు నోట్లో చేదుగా ఉన్నాయి. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"దానికి తల నూనె నేనే పెట్టేదాన్ని రా, పెళ్ళయి వచ్చిన కొత్తల్లో," అంది అమ్మ, ఎవరితోనో చెప్పినట్టు. "ఇంతింత ఒత్తు జుట్టు."

మూడూ పదహారుకు మోగింది.

"బావా," అంది గంగాదేవి. వెక్కిళ్ళ మధ్య మాటలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. "రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ఇంగో ఇద్దరు డాక్టర్లను పిలిచి సూపిచ్చినాడు. అదే మచ్చ అంట బావా. పదిహేడేండ్ల కింద ఎంతుందో ఇప్పుడూ అంతే అంట. సుట్టూ వాపు ఒకటే కొత్తదంట. మాత్రలతో పోతాదంట. కొయ్యరంట."

ఫోను అమ్మ చెవికి పెట్టి, గోడ వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి అమ్మ ఫోను నా చేతిలో పెడుతోంది. అవతల మహేశ్వరి.

"ఏమయ్యా, యాడుండావు?"

"ఈడనే. నా గుండె ఆగిపోయిందనుకో."

"నీ గుండెదేముందిలే. నా గుండు సగంలో ఆగిపోయింది."

"ఏంటిదీ?"

"ఎడం పక్క గీకినాడు. కుడి పక్క మొదలుపెట్టల్ల, అంతలో ఆపమన్నారు. ఇప్పుడు అద్దంలో ఈ పక్క నుంచి చూస్తే నేను, ఆ పక్క నుంచి చూస్తే మా నాయన. మిగిలిన సగం కూడా గీకమంటే, ఆపరేషను లేనోళ్ళకు నేను గీకను, అది నా డ్యూటీ కాదు అని పోతాండాడు. వాన్ని ఆపుదునా, పోనిద్దునా? తొందరగా చెప్పు, లిఫ్టు దగ్గరికి పోయినాడు."

"ఆపు," అన్నాను. "పట్టుకో వాణ్ణి. గంగను పంపు."

ఫోనులో గంగాదేవి పరిగెత్తుతున్న చప్పుడు, వెనక నుంచి మహేశ్వరి అరుపు. "ఓ అన్నా! నిలబడప్పా! సగం తలతో బస్సెట్లెక్కల్ల నేను?"